డాక్టరమ్మ గోడకి నప్పే ఫోన్

రంగులక్క అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. పనిచేసే చోట యజమాని దగ్గర్నుంచి వీధి మలుపులో టీ కొట్టువాడి దాకా అందరికీ ఆమె రంగులక్కే. పదిహేడో ఏట దారాల కొట్టులో పనికి చేరి, ఇరవయ్యారేళ్లు అక్కడే నిలబడి సంపాదించుకున్న పేరది.

ఆ కొట్టు రెండు పెద్ద దుకాణాల మధ్య ఇరికించినట్టుండేది. నేల నుంచి కప్పు దాకా సొరుగులు. వాటినిండా దారం రీళ్లు, గుండీలు, జిప్పులు, లైనింగు గుడ్డలు. ఎవరైనా వచ్చి తెల్లదారం కావాలంటే ఆమె "ఏ తెలుపు?" అని అడిగేది. వచ్చినవాళ్లు తెల్లమొహం వేసేవాళ్లు. "ఆ తెలుపు కూడా ఉంది" అని నవ్వి సొరుగు లాగేది. చూపు గుడ్డముక్క మీదే ఉండగా చెయ్యి దానంతటదే వెళ్లి కావలసిన రీలు పట్టుకునేది. తర్వాత కొనేవాళ్లని గుమ్మంలోకి పిలిచి, పగటి వెలుతురులో దారాన్ని గుడ్డ మీద పరిచి చూపించేది. లైటు కింద ఎవరైనా రంగు చూడబోతే ఆమెకి ఒళ్లు మండేది. ఇరవయ్యారేళ్లలో ఆమె ఇచ్చిన ఒక్క రీలు కూడా వెనక్కి రాలేదు. ఈ మాట ఆమె అడిగినవాళ్లకీ చెప్పేది, అడగనివాళ్లకీ చెప్పేది.

కొట్టు పెద్దాయన పోయాక కొడుకులు ఆ సొరుగులన్నీ పీకేసి సెల్‌ఫోన్ కవర్ల దుకాణం పెట్టారు. రంగులక్క ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చుంది. ఇంట్లో ఆమె విద్యకి విలువ లేదు. మొగుడు తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే పనిలో ఉన్నాడు. బంగారం లాంటి మనిషే కానీ, ఎరుపూ ఆకుపచ్చా ఆయనకి ఒక్కటే. పండిన టమాటా ఏదో, పచ్చిది ఏదో నొక్కి చూసి తెలుసుకుంటాడు.

అలాంటి రోజుల్లో ఫోన్ల యజమాని ఆమెని వెతుక్కుంటూ వచ్చాడు. పాతకాలపు డయల్ టెలిఫోన్లు ఇనపసామాన్ల వాళ్ల దగ్గర బరువు లెక్కన కొని, బాగుచేసి, రంగులు వేసి అమ్ముతాడతను. వర్క్‌షాపు బయట 'మీ ఇంటికి నప్పే ఫోన్' అని బోర్డు. కర్టెన్లకి, సోఫాకి, గచ్చుకి, ఆఖరికి దిండు గలీబులకి కూడా నప్పేలా ఫోన్ కావాలని జనం వచ్చేవాళ్లు. లోపల చిన్న మిషను బిగిస్తే ఆ ఫోన్లు మోగుతాయి, మాట్లాడతాయి. అయితే పదిమందిలో ఎనిమిదిమంది ఆ ఊసే ఎత్తరు.

"రంగు కుదరక సగం ఫోన్లు వెనక్కొస్తున్నాయక్కా. నీ కళ్లు నాకు కావాలి" అన్నాడు యజమాని.

"మాట్లాడని ఫోన్‌కి ఇంత ముస్తాబెందుకు బాబూ?" అని రంగులక్క అడిగింది. అడిగిందే గానీ, మర్నాడు పొద్దున్నే పనిలోకి వెళ్లింది. కిటికీ పక్కన బల్ల వేయించుకుని, రంగుడబ్బాలు వరసగా పేర్పించుకుంది. రెండేళ్లలో వెనక్కొచ్చే ఫోన్లు దాదాపు ఆగిపోయాయి. అందుకే డాక్టరమ్మ ఫోన్ నాలుగోసారి తిరిగొచ్చిన రోజున ఆమెకి తల కొట్టేసినట్టయింది.

డాక్టరమ్మ అంటే పళ్ల డాక్టరు. హాల్లో గోడకి తగిలించే ఫోన్ కావాలంది. ఫోన్ రంగు గోడ రంగుకి అచ్చంగా సరిపోవాలి. ఒంటికే కాదు, డయల్‌కీ, రిసీవర్‌కీ, వేలాడే మెలికల వైరుకి కూడా అదే రంగు. మొదట సెల్‌ఫోన్‌లో గోడ ఫొటో తీసి పంపింది. ఫొటోలో గోడని చూసి రంగు కలపడమంటే గొంతు విని మనిషికి చొక్కా కుట్టడమేనని రంగులక్క గొణిగింది. చేతనైనంత కలిపింది. ముదురుగా ఉందని ఫోన్ తిరిగొచ్చింది.

రెండోసారి డాక్టరమ్మ, గోడకి రంగేసినప్పుడు నమూనాగా పూసి ఉంచిన అట్టముక్క పంపించింది. దాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని రంగులక్క ఒక పూటంతా కూర్చుంది. బూడిదరంగులో కాస్త ఆకుపచ్చ, ఆ ఆకుపచ్చలో చిటికెడు నీలం. కలిపి, ఆరబెట్టి, అట్టకి ఆనించి చూసింది. రెండింటికీ మధ్య గీత కూడా తెలియలేదు. పట్టుకెళ్లిన మనిషి చేతిలోంచి డాక్టరమ్మ మామగారు ఫోన్ అందుకుని, గోడకి పెట్టి చూసి, బ్రహ్మాండంగా ఉందని సంతకం పెట్టాడు. సాయంత్రం ఏడింటికి డాక్టరమ్మ నుంచి ఫోన్.

"ఏంటండీ ఇది, ఎర్రగా కొడుతోంది!"

సరే, ఎరుపు తగ్గించి మూడోసారి పంపారు. ఈసారి మామగారు పెట్టె గుమ్మం కూడా దాటనివ్వలేదు. "పచ్చకామెర్లు వచ్చినట్టుంది, పట్టుకుపో" అన్నాడట. నాలుగోసారి అటూ ఇటూ కాకుండా మధ్యస్థంగా కలిపారు. పొద్దున పదింటికి మామగారు ఫోన్ చేసి పచ్చగా ఉందన్నాడు. రాత్రి భోజనాల వేళకి డాక్టరమ్మ ఫోన్ చేసి ఎర్రగా ఉందంది.

పెట్టె తిరిగి రాగానే పెయింటరు దాన్ని చూసి బల్ల మీద కూలబడ్డాడు. ప్రతిసారీ పాత రంగు గీకి, గరుకు కాగితం పెట్టి రుద్ది, ప్రైమర్ వేసి, మళ్లీ రంగు కొట్టేది అతనే.

"ఈ ఒక్క ఫోన్‌కి కొట్టిన రంగుతో బస్సుకి కొట్టొచ్చక్కా" అన్నాడు.

"ఆ ఇంట్లో ఎవరో ఒకళ్లకి కళ్లు లేవు. లేకపోతే ఇద్దరికీ పనీపాటా లేదు" అంది రంగులక్క.

"నువ్వే ఒకసారి వెళ్లి చూసి రారాదూ" అని యజమాని బతిమాలాడు.

"ఇరవయ్యారేళ్లలో దారం పట్టుకుని ఒకరి గుమ్మం ఎక్కలేదు నేను."

"ఇది దారం కాదు కదక్కా. నా పీకకి తాడయ్యేలా ఉంది."

అలా ఆ మధ్యాహ్నం నాలుగింటికి, నాలుగో రంగు ఫోన్ చంకలో పెట్టుకుని, రంగులక్క మూడో అంతస్తులో డాక్టరమ్మ ఇంటి బెల్లు కొట్టింది.

తలుపు తీసింది మామగారు. పొడుగాటి మనిషి, ఇస్త్రీ చొక్కా, నిటారు నడక. రైల్లో గార్డుగా ముప్పై మూడేళ్లు చేసి రిటైరయ్యానని కుర్చీ చూపించే లోపలే చెప్పాడు. కొడుకు ఓడలో ఇంజనీరు, ఆర్నెల్లకోసారి వస్తాడు. ఇంట్లో ఉండేది తనూ కోడలూ.

"చూడమ్మా, నా కళ్లకి రైల్వేవాళ్లు ఎన్ని పరీక్షలు పెట్టారో లెక్కలేదు. ఎరుపేదో పచ్చేదో చెప్పలేకపోతే జెండా చేతికివ్వరు. అలాంటి నాకు నా కోడలు రంగులు నేర్పుతోంది!"

రంగులక్క గోడ చూసింది. పడమటి కిటికీలోంచి వెలుతురు నిండుగా పడుతోంది. ఫోన్‌ని గోడకి ఆనించి పట్టుకుంది. కాస్త పచ్చగా ఉన్నమాట నిజమే.

"మీరన్నది నిజమే గార్డుగారూ. రెండోసారి పంపింది ఉంటే అతికినట్టు సరిపోయేది."

"అదీ! ఆ మాట మా డాక్టరమ్మతో చెప్పు. రెండు వారాలుగా ఈ గోడ గురించే మాకు మాటామాటా వస్తోంది. నాకు శుక్లాలొచ్చాయట. కంటి డాక్టరు దగ్గరికి రమ్మంటోంది."

రోజూ ఆరింటికి నడకకి వెళ్లే ఆయన ఆ పూట మానేశాడు. తిరిగొచ్చాక తన గదిలో టీవీ ముందు కూర్చోవడం ఆయన అలవాటు. రాత్రి హాల్లో కూర్చుని ఎన్నాళ్లయిందో తనకే గుర్తులేదన్నాడు. ఆమెకి టీ కలిపి ఇచ్చాడు. ఇద్దరూ కోడలి కోసం కాచుకుని కూర్చున్నారు. ఒకళ్లకి నలుగురు సాక్షులున్నంత ధైర్యం వచ్చింది, ఇంకొకళ్లకి పరువు నిలబడుతుందన్న ఆశ కలిగింది.

ఆరున్నరకి డాక్టరమ్మ వచ్చింది. పొద్దున ఏడింటికి తాళాలు వెతుక్కుంటూ పరిగెత్తిన మనిషి, ఆదివారం కూడా క్లినిక్ మూయని మనిషి. చేతిసంచీ సోఫాలో పడేసి, అలవాటు కొద్దీ కర్టెన్లు లాగి, లైట్లన్నీ వేసింది.

రంగులక్క చేతిలో ఉన్న ఫోన్ మొహం మాడిపోయింది. గోడ తేనెరంగు వెలుతురులో మెత్తగా ఆకుపచ్చకి తిరిగింది. ఫోన్ మాత్రం చెంపదెబ్బ తిన్నట్టు ఎర్రబడింది.

"చూశారా? నేను అబద్ధం చెప్పానా?" అంది డాక్టరమ్మ. "రోజుకి పది పళ్లకి రంగు షేడ్ చూసేదాన్ని. నా కళ్లకి వంక పెడతారు మా మామగారు."

రంగులక్క లేచి వెళ్లి లైట్లు ఆపి, కర్టెను తీసింది. బయట ఇంకా వెలుతురుంది. ఫోన్ పచ్చబడింది. కర్టెను మూసి, లైట్లు వేసింది. ఎర్రబడింది. మూడుసార్లు అలాగే చేసింది. గార్డుగారు కుర్చీలోంచి లేచి వచ్చి గోడ ముందు నిలబడ్డాడు.

"ఒసేవ్ కోడలా, నీ కళ్లు బాగానే ఉన్నాయే!" అన్నాడు.

"మీవీ బాగానే ఉన్నాయి మావయ్యా" అంది డాక్టరమ్మ నీరసంగా. ఆ వెంటనే రంగులక్క వైపు తిరిగింది. "ఇంత అనుభవమున్న మనిషని మీ యజమాని ఊదరగొట్టాడు. వెలుతుర్ని బట్టి రంగు మారుతుందని మీకు తెలీదా?"

ఆ మాట సూటిగా వెళ్లి తగిలింది. తెలియకేం, తెలుసు. తెలుసు కాబట్టే జీవితమంతా అందర్నీ గుమ్మంలోకి లాక్కెళ్లింది. పగటి వెలుతురొక్కటే నిజమని, లైటు కింద కనపడేదంతా కళ్ల మోసమని అనుకుంది. లైట్లు వేశాక తప్ప తన ఇంటి గోడని చూసుకునే తీరిక లేని మనిషి ఉంటుందన్న ఆలోచన ఆమెకి ఎన్నడూ రాలేదు. లోపల అంతా ఒప్పుకుంటూనే, పైకి మాత్రం పౌరుషం వచ్చింది.

"పంటికి షేడ్ మీరు ఎక్కడ చూస్తారు డాక్టరమ్మా?"

"కిటికీ దగ్గర. పెద్ద లైటు ఆపేసి, పగటి వెలుతురులో. అలాగే చూడాలి."

"మరి మీరు కట్టిన పంటితో ఆ మనిషి సాయంత్రం హోటల్లో లైట్ల కింద కూర్చుని నవ్వితే?"

డాక్టరమ్మ వెళ్లి సోఫాలో కూర్చుంది. "వస్తుంటారు కొంతమంది" అంది. "పొద్దున సరిపోయిన పన్ను రాత్రి ఫొటోల్లో వేరేగా కనపడిందని. మీ భ్రమ అని పంపించేస్తుంటాను."

గార్డుగారు మళ్లీ టీ కలిపి తెచ్చాడు.

చివరికి రంగులక్కే అడిగింది. "ఈ గోడకి వేయగా మిగిలిన రంగేమైనా ఉందా ఇంట్లో?"

గార్డుగారు బాల్కనీలో పాత సామాన్ల వెనక చెయ్యి పెట్టి, మూత తుప్పుపట్టిన డబ్బా ఒకటి లాగాడు. అడుగున రెండు గ్లాసుల రంగు మిగిలి ఉంది. గోడలో ఏ పొడులు ఉన్నాయో ఫోన్‌లోనూ అవే ఉంటే, ఏ వెలుతురులోనైనా రెండూ కలిసే మారతాయి. ఈ తెలివి మొదటిరోజే ఏడవలేదేం అని తనని తాను తిట్టుకుంటూ ఆమె డబ్బా పట్టుకుని ఇంటికెళ్లింది.

మర్నాడు పెయింటరు ఆ డబ్బా చూసి వెనక్కి గెంతాడు. "గోడ రంగా! నా స్ప్రే గన్‌లో పోస్తే పూడుకుపోతుంది. పైగా లోహం మీద నిలవదు, పెచ్చులూడుతుంది."

"గన్‌లో పొయ్యమని ఎవరన్నారు? బ్రష్‌తో వెయ్యి. కింద మంచి ప్రైమర్ కొట్టు, పైన రంగులేని వార్నిష్ కొట్టు. మెరుపు మాత్రం ఉండకూడదు."

"బ్రష్ గీతలు కనపడతాయి."

"కనపడకుండా వెయ్యి. ఎన్నేళ్లయింది నువ్వు ఈ పనిలోకి వచ్చి?"

అతను మూడు రోజులు మూతి ముడుచుకునే పనిచేశాడు. పూత పూతకీ రుద్ది, మళ్లీ వేసి, నున్నగా చేశాడు. డయల్, రిసీవర్, మెలికల వైరు, అన్నింటికీ అదే రంగు. శనివారం రంగులక్క స్వయంగా తీసుకెళ్లి, మెకానిక్కు చేత గోడకి బిగింపించింది. పగలు చూశారు. లైట్లు వేసి చూశారు. సగం కర్టెను తీసి చూశారు. గార్డుగారు కళ్లజోడు పెట్టుకుని, తీసి, రెండు రకాలుగానూ చూశాడు. ఎక్కడా తేడా లేదు. డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని మరీ థాంక్స్ చెప్పింది. రంగులక్క ఆ రాత్రి రెండు వారాల తర్వాత కడుపునిండా తిని నిద్రపోయింది.

సోమవారం పొద్దున వర్క్‌షాపులో యజమాని తల గోక్కుంటూ ఎదురొచ్చాడు.

"అక్కా, డాక్టరమ్మ ఫోన్ చేసింది."

"ఏమంటుంది?"

"ఫోన్ కనపడట్లేదంట."

"అయ్యో! దొంగలు పడ్డారా?"

"లేదక్కా. గోడ మీదే ఉందంట. కానీ కనపడట్లేదంట."

నిన్న రాత్రి వాళ్లింటికి చుట్టాలొచ్చారు. కొత్త ఫోన్ ఎలా ఉందని డాక్టరమ్మ అడిగితే, ఏ ఫోనని అడిగారు. చూపించాక కూడా ఏదో స్విచ్చుల పెట్టె అనుకున్నారు. పైపెచ్చు గార్డుగారు చొక్కా తొడుక్కుంటూ హాల్లోంచి నడిచి, భుజం దానికేసి కొట్టుకున్నాడు.

రంగులక్క స్టూలు మీద కూర్చుంది. ముందు నవ్వొచ్చింది. ఆ వెనకే ఒళ్లంతా మంట పుట్టింది. "గోడకి సరిపోవాలన్నది ఎవరు? వైరుతో సహా ఒకటే రంగన్నది ఎవరు? ఎర్రగా ఉందంటే తగ్గించాం. పచ్చగా ఉందంటే పెంచాం. అచ్చం గోడే చేసి పెడితే గోడలా ఉందంటారా! ఇంతకంటే నన్నే ఆ గోడకి తగిలించి పూతెయ్యమను!"

పెయింటరు మెల్లగా తన బ్రష్షులన్నీ తీసి సొరుగులో దాచుకున్నాడు.

తిట్టడం అయ్యాక ఆమె లేచి, విడిభాగాల పెట్టెలో చెయ్యి పెట్టి కలియబెట్టింది. రంగు వేయని పాత రిసీవర్ ఒకటి దొరికింది. నల్లది, బరువుగా ఉంది, ఎన్నో చేతులు పట్టుకోవడం వల్ల నడుం దగ్గర నునుపుదేలింది. మెత్తటి గుడ్డతో తుడిచి, దాని నల్ల వైరు, ఒక స్క్రూడ్రైవరు సంచీలో వేసుకుని బయల్దేరింది.

ఆ సాయంత్రం డాక్టరమ్మ ఇంట్లో అడుగుపెట్టగానే గోడరంగు రిసీవర్‌ని విప్పి, నల్లదాన్ని బిగించి, కొక్కెం మీద పెట్టి పక్కకి తప్పుకుంది.

డాక్టరమ్మ తల ఒకవైపు వంచింది. "ఇది గోడకి నప్పలేదుగా?"

"నప్పలేదు. ఒక్క మాటడుగుతా, కోపం తెచ్చుకోకండి. నోట్లో ముప్పై రెండు పళ్లూ అచ్చంగా ఒకే తెలుపుంటే చూసినవాళ్లేమంటారు?"

"కట్టుడు పళ్లంటారు."

"అంతే మరి."

డాక్టరమ్మ పకపకా నవ్వేసింది. గార్డుగారు అప్పటికే రిసీవర్ ఎత్తి చెవికి ఆనించుకుని, అందులో ఏమీ వినపడకపోయినా "హలో, హలో" అంటున్నాడు. మర్నాడు మెకానిక్కు వచ్చి దానిలో మిషను కూడా పెట్టాలని, మోగాలని ఆయనే పట్టుబట్టాడు. ఇకమీదట గోడల గురించి తన మాట వినాలని కూడా కోడలికి చెప్పబోయాడు గానీ, ఆవిడ చూసిన చూపుకి ఊరుకున్నాడు.

ఆ వారం రంగులక్క యజమాని చేత ఒక కాగితం అచ్చువేయించింది. ఫోన్ కావాలని వచ్చినవాళ్లు ముందు రెండు ప్రశ్నలకి జవాబు రాయాలి. ఆ గదిలో మీరు ఏ వేళలో కూర్చుంటారు? మీకు ఫోన్ కనపడాలా, అక్కర్లేదా? రెండో ప్రశ్న చదివి జనం నవ్వుకునేవాళ్లు. ఆమె నవ్వేది కాదు.

నెల తిరక్కముందే క్లినిక్ నుంచి ఆమెకి కబురొచ్చింది. వెళ్లేసరికి కుర్చీలో ఒక సంగీతం మేష్టారు నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాడు. ముందు పన్ను ఒకటి కట్టాలి. పగలు పాఠాలు చెబుతాడు, సాయంత్రాలు వేదిక మీద లైట్ల కింద పాడతాడు. డాక్టరమ్మ రెండు నమూనా పళ్లు పక్కపక్కన పట్టుకుని చూపించింది.

"ఈ రెండింట్లో ఏదో తేల్చుకోలేకపోతున్నానండీ. మీరు చెప్పండి."

"ఎవరీవిడ?" అన్నాడు మేష్టారు, నోట్లో దూది ఉండగానే.

"నాకన్నా బాగా చూసే మనిషి. మీరు కదలకండి."

రంగులక్క కిటికీ దగ్గర చూసింది. కుర్చీ తిప్పించి, లైటు వేయించి చూసింది. మేష్టార్ని ఒకసారి నవ్వమంది, ఒకసారి ఊరికే ఉండమంది. చాలాసేపు పట్టింది.

"రెండూ కావు" అంది చివరికి.

డాక్టరమ్మ చేతులు కిందికి జారిపోయాయి. "అయ్యో, మళ్లీ కొత్తగా చేయించాలాండీ? ఇప్పటికే రెండుసార్లు చేయించాను!"

"చేయించండి" అంది రంగులక్క, సంచీ తీసి పక్కన పెట్టి, స్టూలు దగ్గరికి లాక్కుంటూ. "ఈ రెండోదాంట్లో చిటికెడు పసుపు తగ్గించమనండి. రాసుకోండి, చెబుతాను."